మూడోబెంచీ రాసిన పేజీ

మళ్ళీ అక్కడే ఆగారు. చర్చి పాటల బృందంలో మగ గొంతులు ప్రతిసారీ పాటలో ఆ పాదం చివర ఒక మెట్టు పైకి ఎక్కిపోతాయి, పాట నేర్పే మాస్టారు చేతులెత్తి ఆపేస్తాడు, కీబోర్డు ముందున్నావిడ నిట్టూరుస్తుంది, మళ్ళీ మొదటినుంచీ మొదలు. నాకిదే మంచిది. వాళ్ళు తప్పు పాడుతున్నంతసేపూ సాధన పూర్తి కాదు, సాధన పూర్తి కానంతసేపూ అమ్మ ఇటు రాదు, అమ్మ ఇటు రానంతసేపూ నేను ఈ ఆఖరి బెంచీ మీద ఫోను ఒళ్ళో పెట్టుకుని ఏమీ తేల్చకుండా కూర్చోవచ్చు. తెర మీద రెండు మాటలున్నాయి, ఉంచాలి, తొలగించాలి. ఒకటి నొక్కాలి, కింద కారణం రాయాలి, సంతకం పెట్టాలి. అంతే పని. ఇలాంటివి ఎన్ని చేయలేదు నేను, పొయ్యి మీద పాలు పొంగేలోగా ఒకటి తేల్చిపారేసిన రోజులున్నాయి. ఈ ఒక్కదాని దగ్గర వేలు గాల్లో ఆగిపోయింది. బెంచీకి ఎవరో కొత్తగా వార్నీషు వేశారు, మోచెయ్యి అతుక్కుంటోంది. రేపటి తర్వాత ఎవరూ కూర్చోని బెంచీలకు వార్నీషు ఎందుకు వేసినట్టో.

రేపే ఇక్కడ ఆఖరి ఆరాధన. జనం తగ్గిపోయారని, పైకప్పు బాగుచేయించే స్తోమత లేదని, ఈ సంఘాన్ని తీసుకెళ్ళి అవతలి పెద్ద చర్చిలో కలిపేస్తున్నారు. పాటల పుస్తకాలు అప్పుడే అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. పాస్టరుగారు చొక్కా చేతులు మడిచి, ఏవి అటు వెళ్ళాలో ఏవి అమ్మేయాలో కుర్చీల వెనక చీటీలు అంటిస్తున్నారు, అంటించినవి ఫ్యాను గాలికి ఊడిపోతుంటే వంగి తీసుకుని మళ్ళీ అంటిస్తున్నారు. ఈ భవనాన్ని ఏం చేస్తారో ఎవరికీ తెలియదు, ఫర్నిచరు గోడౌను అంటున్నారు కొందరు. ఇంతా పోగా మిగిలేది ఒక పేజీ. ఇంటర్నెట్టులో ఊరందరూ చూసే విజ్ఞాన సర్వస్వంలో ఈ చర్చి గురించి మా అమ్మ రాసిన పేజీ. రేపు ఆరాధన అయ్యాక దాన్ని గోడ మీద తెరకెత్తి అందరికీ చూపిస్తానని పాస్టరుగారు అమ్మకు మాటిచ్చారు. అమ్మ ఆ పూటకని చీర కూడా ఇస్త్రీకి ఇచ్చింది. పేజీ ఉంటే చూపిస్తారు. ఉంటుందో ఊడుతుందో తేల్చాల్సింది ఎవరయ్యా అంటే, ఇదిగో, వార్నీషుకి అతుక్కుపోయిన నేను.

అమ్మకు తెలియదు. అదీ అసలు గొడవ. అక్కడ ఎవరూ సొంత పేర్లతో రాయరు, తలా ఒక ముసుగు పేరు పెట్టుకుంటాం. నా పేరు అరసున్న. పుస్తకాల్లో ఉండీ ఎవరూ పలకని గుర్తు, ఉన్నా లేనట్టే ఉంటుంది, నాకు నచ్చింది. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో జనం కళ్ళు పరీక్షిస్తాను, ఇది బాగుందా, ఇప్పుడు బాగుందా, మొదటిదా రెండోదా అని అడిగి అడిగి గొంతు పోతుంది, ఇంటికొచ్చాక ఎవరితోనూ నోరు విప్పక్కర్లేని ఈ పని నాకు హాయిగా ఉండేది. రాస్తూ దిద్దుతూ నిర్వాహకురాలినయ్యాను, అంటే పనికిరాని పేజీలు తీసేసే అధికారం ఉన్న ముగ్గురిలో ఒకదాన్ని. ఇంట్లో చెప్పలేదు. చెబితే నాన్న తన ఆఫీసు చదరంగం పోటీల మీద ఒక పేజీ పెట్టమంటాడు, పెద్దమ్మ తన కుట్టు స్కూలు మీద పెట్టమంటుంది, కాదంటే రెండు నెలలు మాటలుండవు. అలా దాచుకున్నాను. అంతలో ఒకరోజు అమ్మ నా గదిలోకి వచ్చి, ఏమే, ఆ విజ్ఞాన సర్వస్వంలో ఎవరైనా రాయచ్చటగా, నాకు టైపు చేయడం చూపించు అంది. చూపించాను. పేరేం పెట్టుకుంటావమ్మా అంటే, మూడోబెంచీ అంది, తను ఎప్పుడూ కూర్చునేది అక్కడేనని. అప్పుడైనా చెప్పాల్సింది. ఆ ముచ్చట చూస్తూ ఊరుకున్నాను.

పేజీ పెట్టిన కొద్దిరోజులకే కత్తెర వచ్చాడు. కత్తెర కూడా నిర్వాహకుడే, రాత్రింబవళ్ళు పేజీలు కత్తిరించడమే పని, ఏ ఊళ్ళో ఉంటాడో తెలియదు, నా ఊహలో మాత్రం ఎప్పుడూ ముక్కు మీద కళ్ళజోడు జారిపోతూ ఉంటుంది. స్థానిక చర్చి, ప్రాముఖ్యత కనబడటం లేదు, తొలగించాలి అని ఒక్క వాక్యం రాసి చర్చకు పెట్టాడు. మనవాళ్ళ పేజీల జోలికి మనం పోకూడదనేది అక్కడి మొదటి నియమం, నేను దూరంగా ఉండాల్సింది. కానీ ఎవరో ఒకరు మూలాలు, అంటే రాసినదానికి ఆధారాలు, అడిగితే అమ్మ ఏదో ఒకటి వెతికి పెడుతుంది, పేజీ నిలబడుతుంది, అడగడంలో తప్పేముంది అనుకున్నాను. ఈ చర్చితో సంబంధం లేనివాళ్ళు దీని గురించి వివరంగా రాసినవి ఏవైనా ఉన్నాయా అని మర్యాదగా అడిగాను. ఆ సాయంత్రం భోజనాల దగ్గర అమ్మ గరిటె కింద పడేసినంత పని చేసింది. ఎవరో అరసున్నట, సంబంధం లేనివాళ్ళు రాసినవి కావాలట, సంబంధం లేనివాడు మన గుడి గురించి ఎందుకు రాస్తాడు, పనీ పాటా లేకనా, ఇన్నేళ్ళు ఊడ్చి తుడిచినదాన్ని నేను చెబుతుంటే సరిపోదా, దానికి అమ్మా నాన్నా లేరా అంది. నాన్న కంచంలోంచి తలెత్తకుండా, పాపం పెళ్ళి కాలేదేమో అన్నాడు. నాకు పొలమారింది. అమ్మ తిట్లు ఆపకుండానే నా వీపు తట్టింది, మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపింది.

అదిగో, మళ్ళీ ఎక్కిపోయాయి మగ గొంతులు. మాస్టారు ఈసారి నవ్వేశాడు. మూడో వరసలో అమ్మ మాత్రం నవ్వలేదు, కాగితం కళ్ళకు దూరంగా పట్టుకుని పెదవులు కదుపుతూ తన పాదం తను సాధన చేసుకుంటోంది. కళ్ళజోడు తెచ్చుకోలేదు. ఈమధ్య దుకాణానికి తీసుకెళ్ళి కళ్ళు పరీక్షిస్తే, నేను బోర్డు వెనక దీపం వేయకముందే ఆఖరి వరస గడగడా చదివేసింది. బయట కూర్చున్నప్పుడు ముందావిడ చదవడం విని కంఠతా పట్టేసిందట. అమ్మా, ఇది పరీక్ష కాదు, నువ్వు పాసవ్వక్కర్లేదు అంటే, తప్పు చదివితే నీకే కదే చిన్నతనం అంది. ఆ రోజు పడీపడీ నవ్వాను. ఇప్పుడు ఈ పేజీ విషయంలోనూ అదే చేసింది, ఎలాగైనా పాసవ్వాలని, ఇక్కడ నవ్వడానికి లేదు.

అరసున్న అడిగింది కదా అని అమ్మ పెట్టిన మూలాలు ఏమిటి, సంఘం వేసుకున్న వార్షికోత్సవ సంచిక, అది సొంత డబ్బా, చెల్లదు. టెలిఫోన్ డైరెక్టరీలో చిరునామా, అది ఉందని చెబుతుంది, ఏమిటో చెప్పదు. పెద్ద చర్చివాళ్ళ పత్రికలో విలీనం ప్రకటన, వాళ్ళూ ఇంటివాళ్ళే. ఒక్కొక్కదానికీ కారణం రాసి పక్కన పెట్టాల్సి వచ్చింది, రాస్తున్నప్పుడు గోడ అవతల గదిలో అమ్మ దగ్గు వినబడుతూ ఉండేది. ఒకప్పుడు ఎవరో ఒకాయన, ముసలాయనే అయ్యుంటాడు, వాక్యాలు ఉత్తరం రాసినట్టు ఉండేవి, తను చదువుకున్న చిన్న బడి గురించి పేజీ పెట్టాడు. మీ ప్రేమ మూలం కాదండీ అని రాసి తీసేశాను. ఎంత బాగా రాశానో అని ఆ పూట మురిసిపోయాను కూడా. ఆయన, సరేనమ్మా, మీరు చెప్పాక కాదనేదేముంది అని ఒక్క ముక్క రాసి, మళ్ళీ ఎప్పుడూ అటు రాలేదు. ఆయన బడికి లేని దారి మా అమ్మ గుడికి ఉంటుందా. ఉండాలని లోపల ఒక గొంతు పీకుతూనే ఉంది, సిగ్గు లేకుండా.

అప్పుడొచ్చింది ఆ పేపరు. మూతపడబోతున్న చర్చి అని స్థానిక దినపత్రికలో సగం పేజీ, ఫోటోతో సహా. అమ్మ దాన్ని తీసుకుని ఇల్లంతా తిరిగింది, నాన్న గడ్డం గీసుకుంటుంటే అద్దానికి అడ్డంగా పెట్టింది, ఇప్పుడేమంటుందో ఆ అరసున్న అంది. నేను చదవకుండానే ఊపిరి పీల్చుకున్నాను, ఒక్క స్వతంత్రమైన వ్యాసం, వివరంగా ఉన్నది, చాలు. చర్చలో గాలి తిరిగిపోయింది. ఉంచాలి, ఉంచాలి అని వరసగా రాశారు. కత్తెర కూడా, బయటి పత్రిక రాసింది కాబట్టి నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను అన్నాడు. చర్చకు పెట్టినవాడు ముగించకూడదు, మూడో నిర్వాహకుడు కాలు విరిగి మంచమెక్కాడు, కాబట్టి అరసున్నగారు ఈరోజు ముగించాలి, ఆమె ఎవరి పక్షమూ కాదు అని రాశాడు. ఎవరి పక్షమూ కాదు. ఆ మాట చదివినప్పుడు నా చెవులు వేడెక్కాయి. అప్పుడు, ముగింపు రాసేముందు మూలం చదవాలి కదా అని, పేపరు తీసి చదివాను. చర్చి గంట గురించి రాసిన చోటికి వచ్చి ఆగిపోయాను.

చుట్టుపక్కల ఆడవాళ్ళు తమ ఇళ్ళలోని ఇత్తడి సామాను తెచ్చి ఇస్తే, బిందెలు, మరచెంబులు, ఒక సొట్ట పడిన గరిటె, అవన్నీ కరిగించి ఈ చర్చి గంట పోశారు అని ఉంది. సొట్ట పడిన గరిటె. ఆ గరిటె నాది. చిన్నప్పుడు గంట మోగితే భయంతో మంచం కింద దూరేదాన్ని, అమ్మ జడ వేయడానికి బయటికి లాగి, రెండు మోకాళ్ళ మధ్య బిగించి కూర్చోబెట్టుకుని, చిక్కు తీస్తూ ఈ కథ అల్లేది. అందులో మీ అమ్మమ్మ బిందె ఉందే, కరిగించి పోశారు, ఇప్పుడు మోగేది అదే, మనవరాలు ఏదీ అని పిలుస్తోంది. అమ్మమ్మను నేను చూడలేదు, నేను పుట్టకముందే పోయింది. ఇంకేమేం ఉన్నాయమ్మా అంటే రోజుకొకటి చేర్చేది, ఎదురింటావిడ మరచెంబు, గరిటె కూడానా అంటే గరిటే, సొట్ట పడింది. అలా గంటకు భయపడటం మానేశాను. పెద్దయ్యాక అడిగితే పకపకా నవ్వి, నీ నోరు మూయించడానికి ఏదో చెప్పాలి కదే అంది. ఒకసారి తాడు మార్చడానికి నిచ్చెన ఎక్కింది కూడా నేనే, కింద పట్టుకున్నది అమ్మే, గంట అంచున ఒక మూతపడిన మిల్లు పేరు చెక్కి ఉంది, కూలీలను పిలవడానికి మోగించిన గంట, వేలంలో కొని ఉంటారు. ఎక్కడిదైతేనేం, మోగితే చాలు అంది అమ్మ కిందనుంచి.

అంటే ఆ విలేకరి ఎవరినీ అడగలేదు, గంట వైపు తలెత్తి చూడలేదు, అమ్మ పేజీ చూసి దించేశాడు. నేను మూలాలు అడిగిన తర్వాత అమ్మ పేజీలో చేర్చిన పేరా అది, నేనూ ఇప్పుడే చూశాను, బిందెలు, మరచెంబులు, గరిటె, అదే వరస. అమ్మ రాసింది పేపరు నమ్మింది, పేపరు రాసింది కాబట్టి అమ్మ పేజీని అందరూ నమ్మారు. కథ తన తోక తనే పట్టుకుని తిరుగుతోంది, మధ్యలో ఏమీ లేదు. ఈ సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకావిడ అదిగో, కాగితం దూరంగా పట్టుకుని పాడుతోంది. రెండోదాని వేలు ఉంచాలి అనే మాట మీద ఉంది. నొక్కితే ఎవరూ ఏమీ అనరు. కత్తెర సంతోషిస్తాడు, పాస్టరుగారు తెర కడతారు, అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంటుంది. అంత తేలిక కాబట్టే కోపం వస్తోంది. అమ్మ మీద కోపం, బుద్ధుందా ఈవిడకి, అబద్ధాన్ని తీసుకెళ్ళి లోకమంతా చదివే చోట పెడుతుందా. ఆ వెంటనే వార్షికోత్సవ సంచిక కళ్ళముందు తిరుగుతుంది, పునాదిరాయి వేసినాయన ఫోటో, స్థలం ఇచ్చినాయన ఫోటో, వరసగా పాస్టర్లు, కోశాధికారులు, అందరూ మగవాళ్ళు, అందరికీ టైలు. వారం వారం మోకాళ్ళ మీద కూర్చుని ఈ గచ్చు కడిగినవాళ్ళ పేరు ఒక్కటి లేదు. అమ్మ వాళ్ళందరినీ తీసుకెళ్ళి గంటలో పెట్టింది. అర్థమైంది నాకు. అర్థమైనంత మాత్రాన నొక్కగలనా. నొక్కకుండా వదిలేస్తే ఆ కాలు విరిగినాయన కోలుకున్నాక ఉంచాలి అని నొక్కేస్తాడు, అప్పుడు నా చేతికి మట్టి అంటదు, అది ఇంకా నీచం. ఆ బడి ముసలాయన ఇప్పుడు నా పక్కన కూర్చుంటే ఆయన మొహం చూడగలనా.

తొలగించాలి అని నొక్కినా తప్పే, అమ్మ పేజీ మీద తీర్పు చెప్పే మనిషిని నేను కాను, మొదటినుంచీ కాను. తెలిసింది చెప్పి పక్కకు తప్పుకోవడం ఒక్కటే మిగిలింది. రెండు మాటలూ వదిలేసి కింది ఖాళీలో రాయడం మొదలుపెట్టాను. ఒకే మాట మూడుసార్లు దిద్దాను. రాస్తుంటే చెవులకు ఏదో తేడాగా తోచింది. పాట ఆగలేదు. మగ గొంతులు ఆ పాదం చివర మెట్టు ఎక్కకుండా దిగాయి, ఆడ గొంతులు అందుకున్నాయి, పాట చివరిదాకా వెళ్ళి ముగిసింది. పాడు సమయం చూసి కుదిరింది వీళ్ళకి. మాస్టారు, మంచినీళ్ళు తాగి రండి అన్నాడు. బెంచీలు కిర్రుమన్నాయి. అమ్మ నేరుగా నా దగ్గరికే వస్తోంది, చేతిలో తన ఫోను, దారిలో పాస్టరుగారి చీటీ ఒకటి ఊడి కింద పడితే తీసి కుర్చీకి అద్ది మరీ వస్తోంది.

పక్కన కూర్చుని ఫోను నా చేతిలో పెట్టింది. "కళ్ళజోడు బండిలో మర్చిపోయానే. ఆ అరసున్న ఏమన్నా రాసిందేమో చూసి చెప్పు."

"ఇంకా రాయలేదు."

"రాస్తుందిలే. పేపరు చూశాక నోరెత్తలేదుగా. మంచిపిల్లే అయ్యుంటుంది, కాస్త మొండి."

మంచిపిల్ల అంటున్నప్పుడు నీళ్ళు నమిలి ఊరుకోవచ్చు, ఇప్పటిదాకా చేసింది అదే. గంట కథ పేపరువాళ్ళకు ఎవరు చెప్పారమ్మా అని అడిగాను. అమ్మ నా వైపు చూడకుండా చీర చెంగు సరిచేసుకుంది, ఎవరూ చెప్పలేదు, పేజీలో చూసి రాసుకున్నారు అంది. అది అబద్ధం కదా అన్నాను. కీబోర్డావిడ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది.

"ఆ సంచికలో మా పేరు ఒక్కటి లేదు," అంది అమ్మ. "పోనీ ఇక్కడన్నా ఉంటామనుకున్నాను. ఎవరికి తెలుస్తుంది? నీకు తెలుసు. నువ్వు చెప్పవు."

"అమ్మా, అరసున్నని నేనే."

అమ్మ మొహంలో ముందు ఏమీ మారలేదు, విన్నదో లేదో అనుకున్నాను. తర్వాత మెల్లగా నా చేతిలోంచి తన ఫోను తీసుకుంది. వీపు తట్టిన చెయ్యి, గ్లాసు జరిపిన చెయ్యి, అదే చెయ్యి. ఆ భోజనాల పూటలన్నీ తను ఒక్కొక్కటిగా తిరగేసుకుంటోందని తెలుస్తూనే ఉంది, నాన్న మాట, నా పొలమారడం, అన్నీ. అరిస్తే బాగుండును అనిపించింది.

"అన్ని రోజులు పక్కగదిలో కూర్చుని నన్ను ఆధారాలు అడిగావా," అంది, చాలా నెమ్మదిగా. "ఒక్కరోజు ఇటొచ్చి అడగలేకపోయావా? నిన్న మొన్నటిదాకా నీ అన్నం నేనే కలిపానే."

క్షమించమని అడిగాను, వినబడేట్టు అడిగానో లేదో. నేను ఏం రాస్తున్నానో చెప్పాను, ఇది పెడితే పేపరు చెల్లదని, పేపరు చెల్లకపోతే పేజీ నిలవదని, కత్తెర చూస్తే ఈ సాయంత్రానికే పోవచ్చని. రేపు తెర మీద చూపించడానికి ఏమీ ఉండదని కూడా చెప్పాను, అది ఆవిడకు అర్థం కాక కాదు, నాకు నేను చెప్పుకోవాలి కాబట్టి. అమ్మ పాస్టరుగారి వైపు చూసింది. ఆయన తెర కట్టాల్సిన గోడకు మేకు కొడుతున్నారు. రెండు దెబ్బలు వేసి వెనక్కి వచ్చి, వంకరగా ఉందేమోనని తల పక్కకు వంచి చూసుకుంటున్నారు. అమ్మ కళ్ళు తడిశాయి, తుడుచుకోలేదు. మాస్టారు చప్పట్లు కొట్టి అందరినీ పిలిచాడు. వస్తున్నానని చెయ్యి చూపించి అమ్మ కదలకుండా కూర్చుంది.

"ఏం రాశావో చదువు," అంది.

చదివాను. "ఈ పేజీ రాసిన మూడోబెంచీ మా అమ్మ. ఈ సంగతి దాచిపెట్టి నేను ఈ చర్చలో పాల్గొన్నాను, అది తప్పు, దీన్ని ముగించే హక్కు నాకు లేదు. పత్రికలో వచ్చిన గంట కథ ఈ పేజీలోంచే తీసుకున్నది, దాన్ని స్వతంత్ర మూలంగా లెక్కించకూడదు. ఆ కథ నిజం కాదు. నేను చిన్నప్పుడు గంటకు భయపడితే, నా కోసం మా అమ్మ కల్పించింది."

అమ్మ మొత్తం విన్నది. లేచి నిలబడి చెంగు భుజం మీదికి లాక్కుంది. అవతల అందరూ తన కోసమే ఆగి ఉన్నారు.

"నా కోసం అన్న మాట తీసేయ్," అంది. "దానికి ఆధారం లేదు."

బెంచీల మధ్యనుంచి నడిచి వెళ్ళి తన వరసలో నిలబడింది, కాగితం దూరంగా పట్టుకుంది. పాట మొదలైంది. నేను ఆ మాట తీసేయలేదు. అలాగే ఉంచి, ప్రచురించు అన్నచోట నొక్కాను.